చెహోవ్: దెబ్బలు తిన్న బాల్యం, దాచుకున్న క్షయ, మధ్యలో తండ్రి లేని మూడేళ్ళు

కృష్ణలంక పాఠకుడు

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా ఊరికి వచ్చిన విశాలాంధ్ర వ్యానులో కొనుక్కున్న రష్యన్ రచయిత చెహోవ్ కథల పుస్తకం మొన్న అటక దులుపుతుంటే దొరికింది. అట్ట ఊడిపోయింది, కుట్టు మాత్రం గట్టిగానే ఉంది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్న వెంటాడింది. ఎవరినీ కసరని, ఎవరి మీదా తీర్పు చెప్పని ఇంత నెమ్మదైన గొంతు, చిన్నప్పుడు రోజూ దెబ్బలు తిన్న మనిషికి ఎలా అబ్బింది?

ఆయన జీవితం చదవనివారి కోసం కొంచెం చెబుతాను. అంతోన్ చెహోవ్ 1860లో అజోవ్ సముద్రతీరంలోని తగన్‌రోగ్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తాత ఒక భూస్వామి కింద అర్ధబానిస, అంటే యజమాని భూమికి కట్టుబడి పనిచేయాల్సిన రైతు. ఆ వ్యవస్థ 1861లో రద్దయింది గాని, తాత అంతవరకూ ఆగకుండా 1841లోనే కూడబెట్టిన సొమ్ముతో తన కుటుంబానికి విముక్తి కొనుక్కున్నాడు. తండ్రి పావెల్‌కు పచారీ కొట్టు ఉండేది. పిల్లలు బడి నుంచి రాగానే కొట్టులో కూర్చోవాలి, చలికాలమైనా అక్కడే పాఠాలు చదువుకోవాలి, తప్పు జరిగితే బెత్తం. పావెల్‌కు భక్తి ఎక్కువ, సంగీతం పిచ్చి అంతకన్నా ఎక్కువ. చర్చి గాయక బృందం ఒకటి నడుపుతూ, కొడుకులను వేకువజామున లేపి ప్రార్థనలకు తీసుకుపోయేవాడు. వాళ్ళు పాడుతుంటే జనం మురిసిపోయి, ఇలాంటి పిల్లలను కన్న తల్లిదండ్రులది అదృష్టం అనుకునేవారట. ఆ సమయంలో తమకు మాత్రం చిన్న వయసు ఖైదీలలా అనిపించేదని చెహోవ్ 1892లో ఒక మిత్రుడికి రాశాడు.

పెద్దన్న అలెగ్జాండర్ తన జ్ఞాపకాల్లో రాసిన ఒక సంఘటన నా మనసులో నిలిచిపోయింది. కొట్టులోని నూనె తొట్టిలో ఎలుక పడి చచ్చిపోయింది. పారబోస్తే నష్టం, చెప్పకుండా అమ్మితే పాపం. పావెల్ మతాచార్యుణ్ణి పిలిపించి, నలుగురూ చూస్తుండగా ఆ నూనెకు శుద్ధి ప్రార్థన చేయించాడు. దాంతో విషయం ఊరంతా తెలిసింది, కొనేవాళ్ళు రావడం మానేశారు. దేవుడి దగ్గర అబద్ధమాడలేని ఆ మనిషి ఇంట్లో పిల్లల మీద చెయ్యెత్తడానికి మాత్రం సందేహించలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం ఆరేడేళ్ళ వయసులో కళ్ళారా చూసినవాడికి, మనుషులను మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని రెండు గుంపులుగా విడదీయడం ఇక సాధ్యపడుతుందా? ఆయన్ను రచయితను చేసింది ఆ బాల్యమేనని, తర్వాత వచ్చిన క్షయ ఆయన వాక్యాన్ని కుదించి పదును పెట్టిందని నా అభిప్రాయం. మీ మాట వినాలని ఉంది.

ఊపిరి

నేను ఛాతీ వైద్యుణ్ణి. ఇరవై ఏళ్ళుగా క్షయ రోగులను చూస్తున్నాను. అందువల్ల మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

క్షయ ఎవరి వాక్యానికీ పదును పెట్టదండీ. అది ఊపిరితిత్తిలో గూడు కట్టుకుని, లోపలి నుంచి తొలుచుకుంటూ పోతుంది. ఆ గుంత గోడలో ఉన్న రక్తనాళం చిట్లినప్పుడు కళ్ళెతోపాటు నెత్తురు పడుతుంది. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉంటుంది, రోగి కోలుకున్నాననుకుంటాడు, మళ్ళీ చలి తగిలే రోజుల్లో తిరగబెడుతుంది. చెహోవ్‌కు మొదటిసారి నెత్తురు పడింది 1884 డిసెంబరులో, మాస్కోలో ఒక కోర్టు విచారణకు విలేఖరిగా వెళ్ళిన రోజుల్లో. ఆ ఏడాదే వైద్యవిద్య పూర్తయింది. అప్పటికి రెండేళ్ళ కిందటే, 1882లో, క్షయ క్రిమిని రాబర్ట్ కోహ్ లోకానికి చూపించాడు. అంటే తనకు వచ్చిందేమిటో తెలుసుకోగలిగిన మొదటి తరం వైద్యుల్లో ఈయన ఒకడు.

అయినా తెలుసుకోవడానికి ఇష్టపడలేదు. 1888 అక్టోబరులో ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన ఉత్తరంలో, నోటి నుంచి పడే నెత్తురులో దూరాన కనిపించే అగ్నిప్రమాదపు వెలుగులాంటిది ఏదో ఉందని, అది చూసినప్పుడే తనకు భయం వేస్తుందని రాశాడు. వెంటనే, ఇది క్షయే అయితే తాను ఎప్పుడో పోయి ఉండేవాణ్ణని వాదించాడు. ఇదే వాదన నేను వారానికి ఒకరి నోటనైనా వింటాను. ఊరివాళ్ళకు తెలుస్తుందని, పెళ్ళి సంబంధం చెడుతుందని, ఉద్యోగం పోతుందని ఎవరి కారణాలు వారికి ఉంటాయి. చెహోవ్ మీద తల్లి, తండ్రి, చెల్లెలు, తమ్ముళ్ళు ఆధారపడి ఉన్నారు. ఆయన పడకేస్తే ఇల్లు ఎలా గడవాలి?

క్లుప్తత విషయానికి వస్తే, అది పత్రికవాళ్ళు నేర్పిన విద్య. పీటర్స్‌బర్గ్‌లోని ఒక హాస్య పత్రికకు ఆయన వంద పంక్తులు దాటకుండా రాయాలి, పంక్తికి ఎనిమిది కోపెక్కులు (రష్యన్ పైసలు) ఇచ్చేవారు. అది జబ్బు రాకముందు మాట.

తుంగభద్ర గట్టు

వైద్యులవారు రెండో సగానికి జవాబు చెప్పారు కాబట్టి, మొదటి సగం మీద నాకున్న అభ్యంతరం నేను చెబుతాను.

ఆ ఇంట్లో అయిదుగురు మగపిల్లలు. పెద్దవాడు అలెగ్జాండర్ కూడా రాసేవాడు, భాష బాగా తెలిసినవాడు. రెండోవాడు నికొలాయ్ చిత్రకారుడు, అన్నదమ్ములందరిలోకీ సహజ ప్రతిభ అతనిదేనని కొందరి నమ్మకం. అదే కొట్టు, అదే బెత్తం, అదే వేకువజాము చర్చి. అలెగ్జాండర్ జీవితమంతా తాగుడుతో పెనుగులాడాడు. నికొలాయ్ తాగుడుకు తోడు క్షయ ముదిరి 1889 జూన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళకే పోయాడు. బాల్యపు బాధే రచయితను తయారు చేస్తుందంటే ఆ ఇంట్లో ముగ్గురు చెహోవ్‌లు ఉండాలి కదా? ఒక్కడే ఎందుకు ఉన్నాడు?

ఇలా అడగడానికి నా సొంత కారణం కూడా ఉంది. మా నాన్న కొట్టేవాడు. మా అన్న కుంగిపోయాడు, నేను ఎలాగో నిలబడ్డాను. ఎవరైనా నా ముందు ‘ఆ దెబ్బలే నిన్ను ఇంతవాణ్ణి చేశాయి’ అంటే, అన్న ముఖం గుర్తొచ్చి ఆ మాట నా చెవులకు భరించరానిదవుతుంది.

పలక

నేను ఒక గురుకుల పాఠశాలలో తెలుగు చెబుతాను. వాంకా కథను ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాను, సిలబస్‌లో లేకపోయినా.

తొమ్మిదేళ్ళ వాంకా చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి కుదిరాడు. క్రిస్మస్ ముందు రాత్రి యజమాని చర్చికి వెళ్ళిన సమయం చూసుకుని, నలిగిన కాగితం ముందు పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని తాతకు ఉత్తరం రాస్తాడు. జుట్టు పట్టి ఈడ్చారని, చేప తోక వైపు నుంచి ఒలవడం మొదలుపెట్టినందుకు ఆ చేప తలనే ముఖాన రుద్దారని, వచ్చి తీసుకుపొమ్మని బతిమాలతాడు. కవరు మీద ‘పల్లెటూళ్ళో ఉన్న తాతయ్యకు’ అని రాసి, కాస్త ఆలోచించి తాత పేరు మాత్రం చేర్చి, పోస్టు డబ్బాలో వేసి, ఉత్తరం చేరుతుందన్న నమ్మకంతో హాయిగా నిద్రపోతాడు.

మొదటి ఏడాది ఈ కథ చదివినప్పుడు నేను గమనించని విషయాన్ని ఒక పిల్లవాడు చూపించాడు. “సార్, వాంకా తాతకు కోపం తెప్పించే మాట ఒక్కటి కూడా రాయలేదు. నీకు పొగాకు నూరిపెడతానంటున్నాడు, నేను తప్పు చేస్తే నన్ను కొట్టు అంటున్నాడు” అన్నాడు. ఆ పిల్లవాడు కూడా ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. దెబ్బలు తినే పిల్లలకు పెద్దల ముఖం చదవడం వస్తుంది. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు బట్టి నాన్న ఈవేళ ఎలా ఉన్నాడో పోల్చుకుంటారు. చెహోవ్‌కు బాల్యం ఇచ్చిందేమైనా ఉంటే, అది ఆ చెవే అని నా నమ్మకం. అయితే తుంగభద్ర గట్టు గారి మాట నిజం. ఆ చెవి అన్నలిద్దరికీ కూడా ఉండే ఉంటుంది.

కృష్ణలంక పాఠకుడు

తుంగభద్ర గట్టు గారూ, మీరు మీ ఇంటి సంగతి చెప్పిన తర్వాత నా మొదటి వాక్యాలను మళ్ళీ చదువుకున్నాను. అలా తేలిగ్గా అనకుండా ఉండాల్సింది. మన్నించండి.

మీ ప్రశ్నకు జవాబు వెదుకుతూ జీవితచరిత్ర మళ్ళీ తిరగేశాను. 1876లో తండ్రి దివాలా తీసి, అప్పులవాళ్ళకు చిక్కకుండా మాస్కోకు పారిపోయాడు. పెద్దన్నలిద్దరూ అంతకుముందే మాస్కోలో ఉన్నారు. తర్వాత తల్లి చిన్నపిల్లలను తీసుకుని వెళ్ళింది. పదహారేళ్ళ అంతోన్ ఒక్కడే చదువు పూర్తి చేయడానికి తగన్‌రోగ్‌లో మిగిలాడు. వాళ్ళ ఇల్లు చేజిక్కించుకున్న మనిషి ఇంట్లోనే, అంటే అంతకుముందు తమదే అయిన ఇంట్లోనే, ఒక మూల ఉండి, అతని బంధువుల కుర్రాడికి పాఠాలు చెప్పాడు. ఇంకొందరికి ట్యూషన్లు చెప్పాడు, ఇంట్లో మిగిలిన సామాన్లు అమ్మి ఆ డబ్బు మాస్కోకు పంపాడు. 1879 వరకు మూడేళ్ళు ఇలా గడిచాయి.

ఆ మూడేళ్ళూ చాలా కష్టపడ్డాడని అందరూ రాస్తారు. నేను కూడా ఇంతకాలం అలాగే చదివాను. ఇప్పుడు చూస్తే, ఆ మూడేళ్ళూ ఆ ఇంట్లో అతని మీద చెయ్యెత్తేవాళ్ళు లేరు. పొద్దున్నే లేపి చర్చికి తరిమేవాళ్ళు లేరు. ఊళ్ళో గ్రంథాలయం ఉంది, నాటకశాల ఉంది. ఎవరి కనుసన్నల్లోనూ లేకుండా తన సంపాదన తాను తిన్నాడు. అన్నలకు ఈ విరామం దొరకలేదు. వాళ్ళు మాస్కోలో స్థిరపడేలోపే తండ్రి, ఆయనతో పాటు మొత్తం కుటుంబం, వాళ్ళ మీదికి వచ్చి పడింది.

ఇందుకు ఒక ఆధారం కనిపించింది. 1879 వసంతంలో తమ్ముడు మిహాయిల్ మాస్కో నుంచి రాసిన ఉత్తరం చివర ‘నీ అల్పుడైన, ఎవరికీ పట్టని తమ్ముడు’ అని సంతకం చేశాడు. పంతొమ్మిదేళ్ళ అంతోన్ దానికి జవాబు రాస్తూ, నీ అల్పత్వాన్ని దేవుడి ముందు, ప్రకృతి ముందు, అందం ముందు ఒప్పుకో, మనుషుల ముందు మాత్రం వద్దు, మనుషుల మధ్య నీ విలువ నీకు తెలిసి ఉండాలి అన్నాడు. బెత్తం కింద పెరిగిన కుర్రవాడు ఈ వాక్యం రాయడానికి ఆ మూడేళ్ళు పట్టాయని నాకు అనిపిస్తోంది.

సముద్రపు గాలి

పాఠకుడు గారి మాటకు కొనసాగింపుగా రెండు ఉత్తరాలు. 1889 జనవరిలో, అయిదు రోజుల తేడాతో చెహోవ్ వీటిని రాశాడు.

మొదటిది రెండో తేదీన అలెగ్జాండర్‌కు. అన్న ఇంటికి వెళ్ళినప్పుడు అతను భార్యతోనూ పనిమనిషితోనూ మాట్లాడిన తీరు చూసి రాసిన ఉత్తరం అది. నిరంకుశత్వమూ అబద్ధమూ కలిసి మన అమ్మ యవ్వనాన్ని ఎలా నాశనం చేశాయో గుర్తు తెచ్చుకో అన్నాడు. సూపులో ఉప్పు ఎక్కువైందని నాన్న భోజనాల దగ్గర గోల చేసి అమ్మను బుద్ధిలేనిదానా అని తిట్టినప్పుడు మనకు కలిగిన భయం, అసహ్యం గుర్తు తెచ్చుకోమన్నాడు. ఆ తర్వాత ఒక చిన్న వాక్యం ఉంది. ఇప్పుడు నాన్న వాటన్నిటికీ తనను తాను క్షమించుకోలేకపోతున్నాడు అని. ఉప్పు ఎక్కువైన సూపు! పన్నెండు, పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ మనిషికి గుర్తున్నది బెత్తం కాదు, అమ్మ పళ్ళెం ముందు తలవంచుకున్న ఆ పూట.

రెండోది ఏడో తేదీన సువోరిన్‌కు. ఒక యువకుడి గురించి కథ రాయండి అంటాడు. అర్ధబానిస కొడుకు, కొట్లో పనిచేసినవాడు, చర్చిలో పాడినవాడు, ఎన్నోసార్లు బెత్తం దెబ్బలు తిన్నవాడు, తనలోని బానిసను బొట్టు బొట్టుగా పిండి బయటికి పారబోసి, ఒక రోజు నిద్రలేచి తన నరాల్లో ప్రవహిస్తున్నది బానిస నెత్తురు కాదు, మనిషి నెత్తురు అని తెలుసుకోవడం గురించి. బొట్టు బొట్టుగా అన్నాడు చూడండి. మూడేళ్ళలో అయిపోయిన పని కాదది. ముందు అన్నలో తండ్రిని గుర్తుపట్టాడు, అయిదు రోజులకు ఈ ఉత్తరం రాశాడు. తనలోనూ ఆ తండ్రి ఉన్నాడేమోనన్న భయం ఆయనకు ఎప్పుడూ పోలేదని నేననుకుంటాను.

నెత్తురు పడుతున్న ఊపిరితిత్తులతోనే 1890లో సైబీరియా అడ్డంగా దాటి, సహాలిన్ దీవిలోని ఖైదీల దగ్గరికి ఎందుకు వెళ్ళాడనే ప్రశ్నకు నా దృష్టిలో సగం జవాబు ఇక్కడే ఉంది. అక్కడ జనాభా లెక్కల కార్డులు దాదాపు పది వేలు సేకరించాడు. ఒక ఖైదీకి తొంభై కొరడా దెబ్బల శిక్ష అమలు చేస్తుంటే దగ్గరుండి చూశాడు. అయిదు దెబ్బలకోసారి తలారి నెమ్మదిగా రెండో వైపుకు నడుస్తాడనీ, ఆ నడకే ఖైదీకి దొరికే అర నిమిషం విరామమనీ తర్వాత ఆ దీవి గురించి రాసిన పుస్తకంలో చెప్పాడు. లెక్క నలభై దాటాక ఉండలేక బయటికి వెళ్ళిపోయాడు. మూడు నాలుగు రాత్రులు అదే కలలోకి వచ్చిందని సువోరిన్‌కు రాశాడు. ఆ అర నిమిషాన్ని లెక్కపెట్టిన కళ్ళు తగన్‌రోగ్ కొట్టులో పెరిగిన కళ్ళు.

తెనాలి ప్లాట్‌ఫారం

మా ఊరి మనిషి ఒకాయన ఈ చర్చ చదువుతున్నంతసేపూ గుర్తొస్తున్నారు. ఎస్. నటరాజన్, ‘శారద’ అనే పేరుతో రాశారు. మాతృభాష తమిళం. చిన్నతనంలోనే తండ్రితో తెనాలి చేరి, హోటళ్ళలో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, తెలుగులోనే కథలూ నవలలూ రాశారు. మూర్ఛ జబ్బు ఉండేది. 1955లో, ముప్పై ఏళ్ళ ప్రాయంలో పోయారు. సాటి హోటలు కార్మికుడూ స్నేహితుడూ అయిన ఆలూరి భుజంగరావు గారు ఆయన జీవితాన్ని రాసిపెట్టకపోతే ఈమాత్రం కూడా మనకు తెలిసేది కాదు.

ఇద్దరినీ తూచడానికి చెప్పడం లేదు. చెహోవ్ కూడా పేదరికం నుంచే వచ్చాడు గాని, ఉన్నత పాఠశాల చదువూ, వైద్య పట్టా, పంక్తికి ఎనిమిది కోపెక్కులు ఇచ్చే పత్రికా ఆయనకు దొరికాయి. శారదకు దొరికింది పగలంతా బల్లలు తుడిచే పని, రాత్రి మిగిలిన కాసేపు. బాధ ఒక్కటే రచయితను పెంచేదయితే శారద ఇంకో ముప్పై ఏళ్ళు రాసి ఉండాల్సింది. ఆయన రాయగలిగిన పుస్తకాలను ఆ జబ్బూ ఆ లేమీ మన చేతికి అందకుండా తీసుకుపోయాయి. ‘మంచీ చెడూ’ చదివిన ప్రతిసారీ నాకు ఇదే దుఃఖం.

ఊపిరి

తెనాలి ప్లాట్‌ఫారం గారు చెప్పిన దాన్ని నా వృత్తి భాషలో చెబుతాను. చెహోవ్ విషయంలోనూ జబ్బు తీసుకుపోయిందే ఎక్కువ.

1885, 1886 ప్రాంతాల్లో ఆయన ఏడాదికి వందకు పైగా రచనలు చేశాడు. చివరి నాటకం ‘చెర్రీ తోట’ రాసిన 1903లో రోజుకు నాలుగైదు పంక్తులకు మించి సాగడం లేదని ఉత్తరాల్లో వాపోయాడు. తొలినాళ్ళ రచనల్లో చాలావరకు తిండి కోసం రాసిన చిల్లర రాతలే కదా, చివరివే గొప్పవి కదా అని ఎవరైనా అడగవచ్చు. గొప్పవే. అయితే నలభై నాలుగేళ్ళకు పోయిన మనిషి అరవై దాకా బతికితే వచ్చే గద్యం ఎలా ఉండేదో మనకు ఎప్పటికీ తెలియదు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. ఇవాళ ఆరు నెలలు మాత్రలు మింగితే తగ్గిపోయే జబ్బు అది, ఆ మాత్రలు మన దేశంలో ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

1897 మార్చిలో మాస్కోలో ఒక హోటల్లో సువోరిన్‌తో భోజనానికి కూర్చోగానే నోటి నుంచి నెత్తురు ధారగా పడింది. క్లినిక్‌లో చేర్చారు. పన్నెండేళ్ళకు పైగా దాచిన విషయం ఇతర వైద్యుల నోటి నుంచి బయటపడింది. తోల్‌స్తోయ్ చూడడానికి వచ్చి ఆత్మ అమరత్వం గురించి చాలాసేపు మాట్లాడారు, ఆ తర్వాత రోగికి మళ్ళీ నెత్తురు పడింది. వైద్యుడిగా నాకు ఆ సందర్శకుల మీద కోపం వస్తుంది. అయితే ఆ రోగి ఇంటికి వెళ్ళాక చేసిందేమిటంటే, తాను పూనుకుని కట్టిస్తున్న బడి పనులు చూసుకోవడం. తన ఎస్టేటు ఉన్న మెలిహొవో చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఆయన బళ్ళు కట్టించాడు. తర్వాత నల్లసముద్ర తీరంలోని యాల్తాలో ఉన్నప్పుడు చేతిలో డబ్బులేని క్షయ రోగులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. వాళ్ళ కోసం చందాలు పోగుచేశాడు. తన ఛాతీని తాను పరీక్షించుకోవడానికి ఇష్టపడని మనిషి ఇతరుల ఛాతీకి చెవి ఆనించడం మానలేదు.

తుంగభద్ర గట్టు

పాఠకుడు గారూ, మన్నింపు మాట ఎందుకండీ. మీరు ఆ మూడేళ్ళ సంగతి రాశాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. నేను పదిహేడో ఏట హాస్టలుకు వెళ్ళాను, అన్న ఇంట్లోనే ఉండిపోయాడు. మా ఇద్దరి మధ్య తేడాను ఇంతకాలం నా గుణం అనుకున్నాను.

ఒక్కటి అడగాలని ఉంది. ఆ తండ్రితో చెహోవ్ చివరికి ఎలా ఉన్నాడు? చిన్నప్పుడు కొట్టినందుకు నాన్నను ఎన్నటికీ క్షమించలేకపోయానని ఆయన ఒక మిత్రుడితో అన్నట్టు చదివాను.

సముద్రపు గాలి

అన్నాడు. ఆ మిత్రుడు, నాటక దర్శకుడు నెమిరోవిచ్-దాన్‌చెంకో ఆ మాట నమోదు చేశాడు. అయినా 1892లో మెలిహొవో ఎస్టేటు కొన్నాక తల్లిదండ్రులిద్దరినీ అక్కడికే తెచ్చుకున్నాడు. పావెల్‌కు అక్కడ సొంత గది ఉండేది. వాతావరణం, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు అని రోజూ డైరీ రాసుకునేవాడు. 1898 అక్టోబరులో ఆయన పోయేనాటికి కొడుకు జబ్బు వల్ల యాల్తాలో ఉన్నాడు.

ఆ ముసలాయన బతికుండగానే, 1895లో, ‘మూడేళ్ళు’ అనే పెద్దకథ అచ్చయింది. అందులో లాప్‌తెవ్ అనే వ్యాపారి కొడుకు భార్యతో తన చిన్నతనం గురించి చెబుతాడు. అయిదేళ్ళు నిండకముందే నాన్న నాకు చదువు చెప్పడం, అంటే తిన్నగా చెప్పాలంటే కొట్టడం, మొదలుపెట్టాడు, ప్రతి ఉదయం నిద్రలేవగానే నాకు వచ్చే మొదటి ఆలోచన ఈవేళ కొడతారా లేదా అన్నదే, అంటాడు. తండ్రిని ఇంట్లో పెట్టుకుని పోషిస్తూనే ఆ వాక్యం రాశాడు. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోలేదు.

పలక

తుంగభద్ర గట్టు గారూ, వీలైతే మీ అన్నగారికి ‘మూడేళ్ళు’ చదివి వినిపించండి. ముందు మీరు ఒక్కరే చదువుకోండి. లాప్‌తెవ్ ఆ మాటలు చెప్పే చోట కొంచెం ఆగాల్సి వస్తుంది.

తుంగభద్ర గట్టు

అన్న ఇప్పుడు ఎక్కువసేపు వినలేడు, పది నిమిషాలకే లేచి వరండాలోకి వెళ్ళిపోతాడు. వాంకాతో మొదలుపెడతాను. ఆ చేప తల దగ్గర అన్నకు కోపం వస్తుంది, నాకు తెలుసు. వస్తే రానివ్వాలి.